నీళ్ల పందెం

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఆయన ముక్కు కారలేదు. నేనది చూశాను. చూసి, తల దించుకుని నా అన్నం నేను కలుపుకున్నాను.

ముక్కు కారకపోతే మంచిదేగా అని మీరనొచ్చు. మా ఇంటి సంగతి తెలియక అంటారు. కారం తింటే ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో రకంగా చెబుతుంది. మా మరిదికి ఎక్కిళ్లు. మా అమ్మాయికి పెదవులు ఉబ్బుతాయి. నాకు నడినెత్తిన దురద. మా ఆయనకి ముందు చెవి తమ్మెలు ఎర్రబడతాయి, తర్వాత ముక్కు కారుతుంది, ఆ తర్వాతే చెమట. ఇరవై రెండేళ్లుగా ఈ వరస తప్పలేదు. అందుకే ఆయన భుజాన తువ్వాలు వేసుకుని మరీ భోజనానికి కూర్చుంటారు.

మా అత్తగారు ఉన్న రోజుల్లో పెట్టిన పందెం ఒకటి మా ఇంట్లో నడుస్తోంది. కంచాల ముందు ‘కారం’ అన్న మాట ఎవరూ అనకూడదు. మొదట నీళ్ల గ్లాసు ముట్టుకున్నవాళ్లు ఆ పూట అంట్లన్నీ తోమాలి. ఇద్దరు మగపిల్లల చేత అంట్లు తోమించడానికి ఆవిడ వేసిన ఎత్తు అదని నా అనుమానం. ఆవిడ పోయారు గాని పందెం పోలేదు. నేను వచ్చిన దగ్గర్నుంచి మా ఆయన ఒక్కసారి కూడా ఓడలేదు. కళ్లు చింతనిప్పులైనా సరే, గ్లాసు వంక చూసేవారు కాదు. మరిది వారానికోసారి భోజనానికి వచ్చి, వారానికోసారి ఓడి, గిన్నెలు తోమి వెళ్లేవాడు. లిఫ్టులు బాగుచేసే పని వాడిది. తాళ్లకూ పళ్లచక్రాలకూ గ్రీజు పూసిన చేతులు మా గిన్నెల దగ్గరే శుభ్రపడేవి.

ఇప్పుడు బుధవారం సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఆదివారం నేను ఎందుకు తల దించుకున్నానో మీకు అర్థం కాదు.

మా ఆయన క్రేన్ నడుపుతారు. ఓడల్లోంచి దిగే ఇనప పెట్టెలను ఒకదాని మీద ఒకటి పేర్చే పెద్ద క్రేన్. నూట పద్దెనిమిది మెట్లు ఎక్కితే గాని ఆయన కుర్చీ రాదు. ‘పైనుంచి చూస్తే మనుషులు నీ గుండీల డబ్బా ఒలికినట్టు ఉంటారే’ అని పెళ్లైన కొత్తలో చెప్పారు. నేను బట్టలు సరిచేసే కొట్టు నడుపుతాను, మా ఇంటి ముందు గదిలోనే. నడుములు బిగించడం, పొడుగులు తగ్గించడం, జిప్పులు మార్చడం. ఒంటి మీద ఏది ఎక్కడ వదులైందో, ఎక్కడ బిగిసిందో దూరం నుంచే నా కంటికి తెలుస్తుంది. బుధవారం సాయంత్రం ఆయన గుమ్మంలోకి వస్తూనే తెలిసింది. ఎడం భుజం కిందకి జారి ఉంది. సంచీ మేకుకి తగిలించడానికి చెయ్యి పైకి లేవలేదు. దవడ రుద్దుకుంటున్నారు.

“ఏమైందండీ?”

“గ్యాస్.”

“దవడకి గ్యాస్ ఏంటి?”

“నువ్వేమన్నా డాక్టరువా? ప్యాంట్లు పొట్టి చేసుకునేదానివి.”

ఆ మాట సూదిలా దిగింది. అయినా వదలకుండా అడిగితే అసలు సంగతి బయటికొచ్చింది. నొప్పి సోమవారం నుంచే ఉందట, మెట్లు ఎక్కుతుంటే. వచ్చే గురువారం కంపెనీలో ఏడాదికోసారి చేసే ఆరోగ్య పరీక్ష. ఇప్పుడు డాక్టర్ దగ్గరికి వెళితే కాగితం పుడుతుంది. కాగితం పుడితే క్రేన్ దింపేస్తారు.

“కిందకి దింపితే నేనేం చెయ్యనే? గేటు దగ్గర కుర్చీ వేసుకుని లారీల నంబర్లు రాసుకోనా? పరీక్ష అయ్యాక చూపించుకుంటాలే.”

“అయితే చూపించుకునేదాకా నాతో మాట్లాడకండి.”

“సరే.”

అంతే. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మా ఇంట్లో అలాంటి బలవంతులు ఇద్దరున్నారు. ఆ రాత్రి నుంచీ మా అమ్మాయి మా ఇద్దరి మధ్య టపా మోసింది. ‘గువ్వా, మీ నాన్నకి స్నానానికి నీళ్లు కాగాయని చెప్పు.’ ‘గువ్వా, మీ అమ్మని నా నీలం చొక్కా ఎక్కడ పెట్టిందో అడుగు.’ చిన్నప్పుడు పావురంలా గుండ్రంగా ఉండేదని దాన్ని గువ్వ అంటాం. పద్దెనిమిదేళ్లొచ్చాయి. మూడో రోజుకి దానికి విసుగొచ్చి, “మీ ఇద్దరికీ చెరో పలక కొనిపెడతాను, రాసుకు చూపించుకోండి” అంది. నాకు నవ్వొచ్చింది గాని నవ్వలేదు. నవ్వితే ఓడినట్టు అనుకున్నాను. ఆ నాలుగు రోజుల్లో నాకు ఓటమీ గెలుపూ తప్ప ఇంకేం కనబడలేదు. ఇది ఎవరి మీదా తోసెయ్యను.

ఆదివారం వంట గువ్వ చేస్తానంది. పరీక్షలు అయిపోయినప్పటి నుంచీ ఫోన్లో కొరియా సీరియళ్లు, కొరియా వంటలు. దాచుకున్న పాకెట్ మనీతో ఒక ఎర్ర డబ్బా తెచ్చుకుంది. అందులో ముదురెరుపు ముద్ద. మూత తీస్తే పులిసిన వాసన, వెనకాలే కాస్త తీపి, అడుగున ఎక్కడో మంట. పేరు గోచుజాంగ్ అట. చేయబోయేది బుల్‌డాక్ అట.

“బుల్ అంటే నిప్పు, డాక్ అంటే కోడి బాబాయ్.”

మరిది అప్పుడే వచ్చి పనిముట్ల సంచీ మూలన పెట్టాడు. “నిప్పుకోడా? అంత పక్షి మన మూకుట్లో పడుతుందటే?”

ఎముకల్లేని తొడ ముక్కలు పొద్దున్నే ఆ ముద్దలో నానబెట్టింది. దంచిన వెల్లుల్లి, అల్లం, సోయా సాస్, పలుకుపలుకుగా ఉన్న కొరియా మిరపపొడి, ముక్క మెత్తబడాలని ఆపిల్ తురుము. ఇనప మూకుడు పొగలు వచ్చేదాకా కాల్చి ముక్కలు పరిచింది. చుయ్యిమన్న మరుక్షణం ఇల్లంతా ఘాటు. నేను కిటికీలు తెరిచాను. ఎదురింటి వాళ్లు వాళ్ల కిటికీలు మూసుకున్నారు.

“అమ్మా, కత్తెర.”

“ఎందుకు?”

“వాళ్లు మాంసం మూకుట్లోనే కత్తెరతో కోస్తారు.”

నా బట్టల కత్తెర కాగితాన్ని కూడా తాకకూడదు. ఆ సంగతి ఇంట్లో పిల్లి ఉంటే పిల్లికి కూడా తెలిసేది. నేను గయ్యిమన్నాను. ఆఖరికి సొరుగు అడుగున ఉన్న పాత కత్తెర, పదును పోయింది, వేడినీళ్లతో కడిగి ఇచ్చాను. గువ్వ ముక్కల్ని కసక్కసక్కని కోస్తుంటే నాకు పళ్లు జివ్వుమన్నాయి.

అప్పుడే మా ఆయన వచ్చి వంటింటి గుమ్మానికి ఆనుకున్నారు. నేను అటు చూడలేదు. వెల్లుల్లి పొట్టు ఊడ్చుకుంటున్నాను.

“ఇంకో చెంచా వెయ్యి గువ్వా, ఆ పొడి.”

“ఇప్పటికే మూడేశాను నాన్నా.”

“మీ బాబాయ్‌ని ఏడిపించాలి కదా. వెయ్యి.”

అది మురిసిపోయి వేసింది. కాసేపటికి మళ్లీ వచ్చి, “ఇంకోటి” అన్నారు. నన్ను సాధించడానికే అనుకున్నాను, నాకు కడుపులో మంట ఉందని తెలిసి కూడా. లోలోపల మండిపడ్డాను. ఆ చెంచాలు ఎందుకు వేయించారో నాకు అప్పుడు తెలియలేదు.

పైన చీజ్ తురుము చల్లి, కరిగేదాకా మూతపెట్టి, మూకుడు మూకుడుగానే బల్ల మీదకి తెచ్చింది. నలుగురం కూర్చున్నాం. మధ్యలో నాలుగు నీళ్ల గ్లాసులు, ఎవరూ ముట్టుకోకూడని గ్లాసులు. ఒంటిగంటా పది. ఎదురుగా గోడ గడియారం ఉంటుంది, అందుకే గుర్తు.

మొదటి ముద్దకే మరిదికి ఎక్కిళ్లు. గువ్వ నవ్వుతూ పెదవులు విసురుకుంటోంది. నా నెత్తి మీద చీమలు పాకుతున్నాయి. వాళ్లు నవ్వుకుంటుంటే నేను అలవాటు కొద్దీ మా ఆయన వంక చూశాను. మాట్లాడకూడదనుకున్నాను గాని, చూడకూడదని అనుకోలేదు.

నుదుటి మీద చెమట పట్టేసింది. అప్పుడే. చెవి తమ్మెలు ఎర్రగా లేవు, పాలిపోయి ఉన్నాయి. ముక్కు పొడిగా ఉంది. భుజం మీద తువ్వాలు మడత విప్పనేలేదు.

“అన్నయ్యా, ఏంటి అప్పుడే చెమటలు? వయసైపోతోంది” అన్నాడు మరిది ఎక్కిళ్ల మధ్య.

“నువ్వు ముందు ఆ ఎక్కిళ్లు ఆపుకో.”

గొంతు మామూలుగానే ఉంది. ఒంట్లో బాలేదా అని అడగాలి. రెండు మాటలు. నాలుక చివరిదాకా వచ్చాయి. నాలుగు రోజులు బిగబట్టి, ఇప్పుడు నేనే ముందు నోరు తెరవాలా అనిపించింది. ఆయనే అడగనీ, నొప్పిగా ఉందే అని ఆయనే అననీ అనుకున్నాను. తల దించుకున్నాను.

మళ్లీ తలెత్తినప్పుడు చొక్కా చంకల కిందే కాదు, గుండీల పట్టీ పొడుగునా తడిసింది. ఎడం చెయ్యి బల్ల కింద ఉంది. ఒకే ముక్కను కంచంలో ఆ పక్కకీ ఈ పక్కకీ జరుపుతున్నారు.

“ఎలా ఉంది నాన్నా?”

“బ్రహ్మాండం గువ్వా.”

ఒకటిన్నర అవుతుండగా ఆయన చెయ్యి చాపి నీళ్ల గ్లాసు అందుకున్నారు.

మరిది కుర్చీలోంచి లేచి గంతేశాడు. గువ్వ చప్పట్లు కొట్టింది. “నాన్న ఓడిపోయాడు! నా కోడి గెలిచింది!” మా ఇంట్లో అంత గోల ఎప్పుడూ జరగలేదు. ఆయన నవ్వారు. “సరేలే, నేనే తోముతాను” అని కంచం తీసుకుని లేచారు. అంట్లు తోమే తొట్టి దాకా నాలుగడుగులు. మూడో అడుగులో కంచం పడింది. ఆ తర్వాత ఆయన.

ఆసుపత్రికి మరిది వ్యాన్‌లోనే వెళ్లాం. వెనక లిఫ్టు తాళ్ల చుట్టల మధ్య ఆయన్ని పడుకోబెట్టాను, తల నా ఒళ్లో. చెయ్యి పెడితే చెమట చల్లగా ఉంది. గువ్వ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, “నేను ఐదు చెంచాలేశానమ్మా, ఐదు” అని అదే మాట అంటోంది. దారంతా అదే మాట.

అత్యవసరం గదిలో నర్సు చొక్కా కత్తిరించబోయింది. చిన్న కత్తెర, మొద్దుది. బట్ట నలుగుతోంది గాని తెగడం లేదు. నేను ఆమె చెయ్యి పక్కకి జరిపి గుండీలన్నీ క్షణంలో విప్పేశాను. అవి నేను కుట్టిన గుండీలే. ఛాతీకి తీగలు అంటించారు. కాగితం గీతలు గీసుకుంటూ బయటికొచ్చింది. ఆయన వద్దనుకున్న కాగితం అదే.

పొట్టి జుట్టు డాక్టరమ్మ కాగితం చూసి, ఆయన ముఖం మీదకి వంగింది. ఆయనకి అప్పటికే స్పృహ వచ్చింది.

“నొప్పి ఎప్పుడు మొదలైంది? సరిగ్గా చెప్పండి, దాన్నిబట్టే మేం చెయ్యాల్సింది ఉంటుంది.”

“ఇప్పుడేనండి. తింటుంటే.” ఊపిరి తీసుకుని మళ్లీ అన్నారు, “మా అమ్మాయి కొరియా కోడి వండింది. కారం ఎక్కువైందండి. గ్యాస్ పట్టేసింది. అంతే.”

ఇరవై రెండేళ్లలో కారం ఎక్కువైందన్న మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. అదీ అబద్ధం. గువ్వ మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉంది. దాని ముఖంలో రక్తం లేదు. ఉబ్బిన పెదవులు మాత్రం ఇంకా ఎర్రగా ఉన్నాయి.

అప్పుడు తెలిసింది నాకు, ఆ చెంచాలు ఎందుకు వేయించారో. నొప్పి పొద్దుటి నుంచే ఉంది. చెమట పడుతుందని ఆయనకి తెలుసు. ఆ చెమటకి ఒక పేరు కావాలి. కూతురి వంట చాటున దాక్కున్నారు. ఇప్పుడు క్రేన్ కోసం దాని నెత్తినే పెడుతున్నారు.

“అబద్ధం” అన్నాను. నాలుగు రోజుల తర్వాత నేరుగా ఆయన్ని నేనన్న మొదటి మాట అది. “సోమవారం నుంచీ నొప్పి ఉందండి. మెట్లెక్కుతుంటే వస్తోంది. బుధవారం ఎడం చెయ్యి లేవలేదు, దవడ లాగింది. ఇవాళ పొద్దున్న లేచినప్పటి నుంచే ఉండుంటుంది. నూట పద్దెనిమిది మెట్ల క్రేన్ నడుపుతారు. గురువారం పరీక్ష ఉందని దాచారు. కారం వల్ల కాదు. కారం తింటే ఆయనకి ముక్కు కారుతుంది. కారలేదు.”

డాక్టరమ్మ రాసుకుంటూ ఆయన వంక చూసింది. “నిజమేనా?”

ఆయన కళ్లు మూసుకున్నారు. అలాగే, అవునన్నట్టు తల ఊపారు.

తర్వాత రెండు గంటలు నడవాలో బెంచీ మీద కూర్చున్నాం. గుండెకి వెళ్లే నాళం మూసుకుపోయిందనీ, లోపల సన్నని జాలీ గొట్టం పెట్టి తెరిచారనీ నాలుగు దాటాక చెప్పారు. ప్రాణానికి ప్రస్తుతం భయం లేదట. గుండెలో కొంత కండ మాత్రం చచ్చిపోయింది, అది తిరిగి రాదట. ఎత్తులెక్కే పని ఇక కుదరదట.

“కాస్త ముందు తెచ్చుంటే?” అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

“ప్రతి నిమిషమూ పనికొచ్చేదేనండి” అంది డాక్టరమ్మ, మెత్తగానే.

నన్నొక్కదాన్నే లోపలికి పంపారు. ఆయన కప్పు వంక చూస్తూ పడుకుని ఉన్నారు.

“దింపేశావు కదే నన్ను.”

“దింపేశాను.”

నేను దుప్పటి అంచు సరిచేస్తుంటే ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. పట్టులో బలం లేదు.

“గువ్వకి చెప్పు. నాకు కారమే తెలియలేదు. నోట్లో పెట్టుకున్నది ముక్కో, అన్నమో కూడా తెలియలేదు.”

“మీరే చెప్పండి, రేపు.”

“రేపు నేనూ చెబుతాను. ఇవాళ నువ్వు చెప్పు. అది ఇవాళ పడుకోవాలి కదా.”

నాకు ఏడుపొచ్చింది. అక్కడ ఏడవలేదు.

మరిదిని అక్కడ ఉంచి, బట్టలూ పాత మందుల చీటీలూ తీసుకురావడానికి గువ్వా నేనూ ఇంటికి వచ్చేసరికి ఆరు. తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి, తాళం వెయ్యడం కూడా మరిచిపోయాం. వంటింట్లో ఘాటు ఇంకా పోలేదు. నేల మీద ఆయన కంచం బోర్లా పడి ఉంది. తీసి చూస్తే, ఒలికిన అన్నంలో ముక్కలన్నీ అలాగే ఉన్నాయి. కొరికినవి కూడా కాదు. గువ్వని పిలిచి చూపించాను. ఆయన చెప్పమన్న మాట చెప్పాను.

అది ముక్కల వంక చూసింది. బల్ల మీద మూకుడు తీసుకుని చెత్తబుట్ట మీద వంచబోయింది.

“పారెయ్యకే.”

“ఎవరు తింటారమ్మా దీన్ని?”

“నేను తింటాను.”

నిలబడే ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. చల్లారి, చీజ్ గడ్డకట్టి ఉంది. ముందు తీపి తగిలింది, తర్వాత పులుపు, ఆ తర్వాత నాలుక వెనక నుంచి మంట లేచింది. మధ్యాహ్నం నేను కూడా రుచి చూడలేదన్నమాట. బాగుంది. చాలా బాగా వండింది పిచ్చిది. ఇంకో ముక్క తిన్నాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా ముక్కు కారడం మొదలైంది. నాకెప్పుడూ కారదు.

“చూడు” అన్నాను, చెంగుతో తుడుచుకుంటూ. “నీ కోడి తింటే మనిషి ఇలా ఉంటాడు. మీ నాన్న ఇలా లేరు.”

గువ్వ తొట్టి దగ్గర నిలబడి మధ్యాహ్నపు కంచాలు నీళ్ల కింద పెట్టింది. వీపు నా వైపు. కుళాయి శబ్దంలో అడిగింది.

“నాన్నకి ముక్కు కారలేదని నువ్వెప్పుడు చూశావమ్మా?”

ఆసుపత్రిలో నేనన్న మాట గువ్వ మరిచిపోతుందని అనుకున్నాను. అబద్ధం చెప్పొచ్చు. పడిపోయేముందు అని చెప్పొచ్చు. ఇంట్లో ఆ రోజుకి ఒక అబద్ధం చాలనిపించింది.

“మొదటి ముద్దకే.”

కుళాయి ఆపేసింది.

“మరి చెప్పలేదేం?”

బెంచీ మీద కూర్చున్న రెండు గంటలూ ఇదే వెతికాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని లోపలంతా దేవాను. దొరకలేదు.

“ముందు నేను మాట్లాడకూడదనుకున్నాను.”

అది గోడ గడియారం వంక చూసింది. ఒంటిగంటా పది నుంచి ఒకటిన్నర దాకా ఎన్ని నిమిషాలో అదీ లెక్కేసుకుంటోందని నాకు తెలుసు. నేను మధ్యాహ్నం నుంచీ లెక్కేస్తూనే ఉన్నాను మరి. నోరు భగ్గుమంటోంది. బల్ల మీద మధ్యాహ్నపు గ్లాసులు మూడు, నిండుగా, ఎవరూ ముట్టనివి, అలాగే ఉన్నాయి. నేను చెయ్యి చాపలేదు.

“కారంగా ఉందే గువ్వా” అన్నాను. “నీళ్లివ్వు.”

అది ఇటు తిరిగింది. కళ్లు తుడుచుకోకుండానే వచ్చి ఒక గ్లాసు నా ముందుకి జరిపింది. నేను తాగేదాకా నిలబడి చూసి, తడి చేతులు తుడుచుకుని, తొట్టి దగ్గర నుంచి పక్కకి తప్పుకుంది. నేను కొంగు దోపుకుని వెళ్లి అంట్లు తోమాను, ముందుగా ఆయన కంచం.